నాచులో లేనిది

రెండు నెలలుగా గౌసియా ఒక మాటను లోపలే అదిమిపెట్టుకుని ల్యాబుకి వచ్చిపోతోంది.

ఆమె గురువు కూర్మారావు గారు ఇరవై రెండేళ్ల కిందట కొల్లేటి నీలి నాచు నుంచి ఒక కొత్త పదార్థం తీశారు. ఆ ఏడే తొమ్మిదేళ్ల కూతురు సుచేత జ్వరంతో పోయింది. పదార్థానికి సుచేతిన్ అని పేరు పెట్టుకున్నారు. అప్పట్నుంచి ఆయన్ని తలుచుకున్న ప్రతిచోటా ఆ పేరు కూడా తలుస్తారు.

గౌసియా పరిశోధన దాని మీదే. నాచు నుంచి దాన్ని తీయడానికి ఎప్పుడూ వాడే మిథనాల్ ఒకసారి అయిపోతే, నాచును మరో ద్రావకం ఇథనాల్‌లో నానబెట్టింది. సుచేతిన్ జాడ లేదు. ఇంకో మూడుసార్లు చేసి చూసింది. లేదు. మిథనాల్ పోస్తే మాత్రం వస్తోంది. అంటే అది నాచు తయారుచేసుకున్నది కాదు. నాచులో ఉన్న మరేదో మిథనాల్‌తో కలిసి, ఫ్లాస్కులోనే పుడుతోంది.

తోటివాళ్లు నోరు మెదపొద్దన్నారు. పెద్దాయన వచ్చే నెల రిటైరవుతున్నారు, ఈ వయసులో ఆయనకి మళ్లీ కడుపుకోత ఎందుకన్నారు.

చివరికి ఒకరోజు నోట్‌బుక్ తెచ్చి ఆయన ముందు పెట్టింది. ఫలితాల అడుగున, 'బహుశా నా పొరపాటు' అని రాసింది.

ఆయన చదివారు. లేచి, కోటు తొడుక్కుని, నాచును రెండు ఫ్లాస్కుల్లోకి సమంగా తూచి వేశారు. ఒకదాంట్లో మిథనాల్, రెండోదాంట్లో ఇథనాల్ ఆయనే పోశారు. ఆమె సాయం చేయబోతే వద్దన్నారు.

మర్నాడు మధ్యాహ్నం రెండింటి చుక్కలూ పూత పూసిన గాజు పలక మీద పెట్టి, వాటిలోని పదార్థాలు విడివిడిగా పైకి పాకాక, నీలి దీపం కింద పెట్టారు. మిథనాల్ వైపు సుచేతిన్ మచ్చ వెలుగుతోంది. రెండో వైపు ఖాళీ. ఆయన ఆ ఖాళీ వంకే చాలాసేపు చూశారు.

తర్వాత నోట్‌బుక్ దగ్గరికి లాక్కుని, 'బహుశా' అన్న ఒక్క మాట కొట్టేశారు. మిగిలిన రెండు మాటల కింద తన సంతకం పెట్టి, తేదీ వేశారు.

గౌసియా కళ్లు నిండిపోయాయి. "పాప పేరు సార్..." అంది.

ఆయన పెన్నుకి మూత పెట్టారు.

"పాప పోయిందమ్మా. నాచు ఉంది. దాని సంగతి రాయి."