కండెగాడి చెక్కపెట్టె

అనగనగా ఏటి ఒడ్డున ఒక నేతగాళ్ళ ఊరు. ఆ ఊళ్ళో ఏ గుమ్మం ముందు నడిచినా మగ్గం చప్పుడే వినపడేది. చివరింట్లో మార్కండేయులని ఒకాయన ఉండేవాడు, సూరమ్మ ఆయన భార్య. ఆయన గుంటలో కాళ్ళు పెట్టుకుని మగ్గం నేసేవాడు. ఆవిడ పక్కన కూర్చుని రాట్నం మీద నూలు చుట్టేది. వాళ్ళకి పిల్లల్లేరు. మాటలు కూడా తక్కువే. ఆయన మగ్గం, ఆవిడ రాట్నం, అవే మాట్లాడుకునేవి అనుకో.

ఒక వానాకాలం రోడ్డు మీద ఒక కుక్క లారీ కింద పడి చచ్చిపోయింది. దాని పిల్ల ఒకటి ఆ పక్కనే తడుస్తూ కూర్చుంది. ఎవరూ దాన్ని తియ్యలేదు. అప్పుడు సూరమ్మ దాన్ని పమిటలో చుట్టుకుని ఇంటికి తెచ్చింది. నూలు చుట్టే కండె లేదూ, నడుం దగ్గర లావుగా, రెండు కొసలా సన్నగా ఉంటుంది. పిల్ల అచ్చం అలా ఉందని కండెగాడని పేరు పెట్టింది.

కండెగాడు ఊరుకునే రకం కాదు. నూలు కొరికాడు. చెప్పు కొరికాడు. ఆ తర్వాత ఒకరోజు మగ్గం మీదున్న పట్టుచీర కొంగుని పళ్ళతో పట్టుకుని లాగేశాడు. ఎన్నాళ్ళుగానో వంగి వంగి నేసిన కొంగమ్మా అది.

మార్కండేయులికి కళ్ళెర్రబడ్డాయి. మూలన నూలుకద్దే రంగుల డబ్బాలు వచ్చిన చెక్కపెట్టె ఒకటుంది, ముందు కటకటాల్లాంటి తలుపు. పిల్లని మెడ పట్టి అందులోకి తోసి గడియ పెట్టాడు. వాడు ఏడ్చాడు, గోళ్ళతో గీకాడు, చెక్కలు కొరికాడు. సూరమ్మ నీళ్ళకి వెళ్ళి వచ్చేసరికి వాడి మూతంతా నెత్తురు.

అప్పుడు సూరమ్మ వాణ్ణి బయటికి తీసి, పమిటతో మూతి తుడిచింది.

"అది పట్టుచీరని దానికేం తెలుసయ్యా?" అంది.

"మరి రోజూ కొరకనివ్వమంటావా?"

"పెట్టెలో ఉండాలి, నిజమే. కానీ నువ్వు దాన్ని జైలు చేశావు. దానికది ఇల్లు కావాలి. నాకొదిలెయ్."

ఆ తర్వాత ఏం చేసిందో తెలుసా? పెట్టె తలుపు ఊడదీసి పక్కన పెట్టేసింది. లోపల తన పాత చీర మడిచి పరిచింది. ముందు అన్నం ముద్ద పెట్టెకి ఇవతల పెట్టింది. వాడు కాళ్ళు దూరంగా ఉంచి, ఒళ్ళంతా సాగదీసి, ముద్ద లాక్కుని పారిపోయాడు. ఆ తర్వాత ముద్ద పెట్టె అంచున పెట్టింది. వాడు ముందుకాళ్ళు మాత్రం లోపల పెట్టాడు. ఆ తర్వాత ముద్ద లోపలికంటా జరిపింది. వాడు చాలాసేపు ఆలోచించాడు. చివరికి లోపలికి వెళ్ళి, తిని, చీరని వాసన చూసి, అక్కడే పడుకున్నాడు.

అప్పుడు మళ్ళీ తలుపు బిగించింది. వాడు తింటూంటే మూసి, తినడం అయ్యేలోపే తీసేది. ఆ తర్వాత మూసి పక్కనే రాట్నం తిప్పుతూ కూర్చునేది. ఆ చప్పుడు వింటూ వాడు నిద్రపోయేవాడు. ఆ తర్వాత కాసేపు బయటికి వెళ్ళి వచ్చేది. వెళ్ళే ముందు వంగి, "ఇప్పుడే వస్తా, పడుకో" అనేది. వీధిలో పడుగు నూలు పొడుగ్గా సాగదీసి గంజి పెట్టే రోజుల్లో భార్యాభర్తలిద్దరూ పొద్దున్నే వెళ్ళేవాళ్ళు. అప్పుడు కూడా అదే మాట. వాడు గొణగడం మానేశాడు. ఆవిడ ఆ మాట అంటే ఆవిడ వచ్చేదాకా పడుకోవాలని వాడికి తెలిసిపోయింది.

ప్రతిసారీ వచ్చేదా అంటే, ప్రతిసారీ వచ్చేదమ్మా.

కండెగాడు పెద్దవాడయ్యాడు. పెట్టె కూడా వాడికి సరిపోయేట్టు పెద్దది చేయించారు. ఉరిమితే పెట్టెలోకి. చుట్టాలొస్తే పెట్టెలోకి. ఎవరూ చెప్పకుండా వాడే వెళ్ళి పడుకునేవాడు.

అలా ఉండగా ఒక ముసురులో సూరమ్మకి జ్వరం వచ్చింది. కషాయం తాగింది, తగ్గలేదు. ఊళ్ళో డాక్టరు సూది వేశాడు, తగ్గలేదు. ఊపిరి అందక ఎగపోస్తుంటే పట్నం ఆసుపత్రికి తీసుకెళ్దామని ఆటో పిలిచారు. ఇంటి నిండా జనం. కండెగాడు అందరి కాళ్ళకీ అడ్డం పడుతున్నాడు. సూరమ్మ గోడ పట్టుకుని వచ్చి, వాణ్ణి పెట్టెలోకి పంపి గడియ పెట్టింది. పెట్టి వంగింది.

"ఇప్పుడే వస్తా, పడుకో."

ఆవిడ రాలేదమ్మా.

పక్కింటి నాంచారమ్మ సాయంత్రం వచ్చి గడియ తీసింది. కండెగాడు బయటికి రాలేదు. ఎప్పుడో పెరట్లోకి వెళ్ళి, వెంటనే తిరిగొచ్చి పెట్టెలో పడుకునేవాడు. కర్మలు అయిపోయాయి, చుట్టాలు ఎవరిళ్ళకి వాళ్ళు వెళ్ళిపోయారు. వాడు మాత్రం తలుపు వైపు చూస్తూ పడుకునే ఉన్నాడు. డొక్కలు కనిపిస్తున్నాయి.

మార్కండేయులు పేరు పెట్టి పిలిచాడు, రాలేదు. ఎండుచేప చూపించాడు, రాలేదు. చెయ్యి పెట్టి లాగబోయాడు, వాడు కరిచాడు. మనిషికి ఒళ్ళు మండిపోయింది. పెరట్లోంచి గొడ్డలి తెచ్చి పెట్టె మీదికి ఎత్తాడు. వాడు జరగలేదు, మొరగలేదు, ఊరికే చూశాడు. ఆయన చెయ్యి దిగిపోయింది. గొడ్డలి కింద పెట్టి అక్కడే కూలబడ్డాడు.

ఏం తోచక సూరమ్మ రాట్నాన్ని దగ్గరికి లాక్కుని తిప్పాడు. చప్పుడు వినపడేసరికి కండెగాడి చెవులు నిక్కాయి. గబగబా బయటికి వచ్చాడు, తోక ఆడిస్తూ. రాట్నం దగ్గర ఎవరున్నారో చూశాడు. తోక ఆగిపోయింది. వెనక్కి తిరిగి మళ్ళీ పెట్టెలోకి వెళ్ళిపోయాడు.

అప్పుడు మార్కండేయులు రాట్నం వదిలేసి, పెట్టె ముందు నేల మీద పడుకున్నాడు. తల తలుపు దగ్గర పెట్టాడు.

"ఆవిడ రాదురా," అన్నాడు. "ఆసుపత్రిలోనే పోయింది. నీకు అబద్ధం చెప్పాలని చెప్పలేదురా. వస్తాననే అనుకుంది."

ఆయన ఆ మాట అంతదాకా ఎవరితోనూ అనలేదు. అందరూ ఆయనకి చెప్పినవాళ్ళే. అన్నాక ఏడుపొచ్చింది. వీధిలోకి వినపడేంత ఏడుపు.

కుక్కకి అర్థమైందా అంటావు. ఏమో తల్లీ. మాట అర్థమైందో లేదో, గొంతు అర్థమై ఉంటుంది. చాలాసేపటికి కొంచెం జరిగి, కరిచిన ఆ చేతి మీదే గడ్డం ఆనించాడు.

ఆ తర్వాత మార్కండేయులు లేచి అన్నం వండాడు. పప్పు కలిపి ముద్ద చేసి అరచేతిలో పెట్టి లోపలికి చాపాడు. వాడు మెల్లిగా తిన్నాడు. రెండో ముద్ద ఆయన తిన్నాడు. అలా ఒకే కంచంలోంచి ఇద్దరూ తిన్నారు.

అంతటితో దిగులు పోయిందా అంటే, పోలేదమ్మా. కండెగాడు ఎక్కువగా పెట్టెలోనే ఉండేవాడు, ఆయన ఎక్కువగా మగ్గం గుంటలోనే ఉండేవాడు. కానీ ఆ గడియ మాత్రం ఆయన మళ్ళీ వెయ్యలేదు. ఏ పనికి వెళ్ళినా వాణ్ణి వెంట తీసుకెళ్ళేవాడు. చీరలిచ్చే చోటికీ, సంతకీ, పెళ్ళిళ్ళకీ కూడా.

"కుక్కతో వచ్చావేంటయ్యా?" అని అడిగేవాళ్ళు.

"ఇంట్లో ఒక్కరే ఉండలేక," అనేవాడు.

ఎవరు ఉండలేకో మళ్ళీ ఎవరూ అడగలేదు.

కథ నడిచి నడిచి కంచి చేరింది,
కునుకు నడిచి మన ఇంటికొచ్చింది.
దీపం తగ్గించాను, దుప్పటి కప్పాను,
నిద్దరపో తల్లీ, నేనిక్కడే ఉన్నాను.