గోరువెచ్చన

ఖాదర్‌వలికి ఒళ్ళు మండిపోయింది. పన్నెండేళ్ళుగా హకీం దాదాపీర్ దగ్గర మందులు నూరుతున్నవాణ్ణి, మొన్న వచ్చిన రోగి తప్పుపట్టడమా!

రోగి పేరు సుంకమ్మ. మగ్గాల మీద తెగిన పట్టుపోగులు అతికి పొట్టపోసుకునే మనిషి. ఆవిడ పైరెప్పలో పెసరగింజంత గడ్డ లేచింది. రెప్ప అంచున చమురు ఊరే సన్నటి దారులుంటాయి. అందులో ఒకటి పూడుకుపోతే చమురు లోపలే గట్టిపడి ఇలా గింజ కడుతుంది. దానికి కత్తీ వద్దు, సూదీ వద్దు. రోజుకు నాలుగుసార్లు వెచ్చటి గుడ్డ వేసి మెల్లగా నిమిరితే చాలు, కొన్నాళ్ళకు కరుగుతుంది. హకీంగారు ఆ పని ఖాదర్‌వలికి అప్పగించారు.

మూడోరోజు పొద్దున గుడ్డ తగలగానే సుంకమ్మ ఎగిరిపడింది.

"కాలుతాందప్పా! మూడు దినాల నుంచీ మొత్తుకుంటాండా, చెవిన పెడితివా? సంతలో సూదితో గుచ్చి పిండేటోడు ఉండాడంట. ఆడికే పోతా. ఒక్కతూరికే పీడ పోతాది."

చరచరా మూట సర్దుకుంది.

"పోనీండి హజ్రత్!" ఖాదర్‌వలి గురువు వైపు తిరిగి అరిచినంత పని చేశాడు. "ఆడలేక మద్దెల ఓడన్నట్టు, ఓర్చుకోలేక నా చేతికి వంక పెడతాంది. ప్రతిసారీ అరచేత్తో చూసినంకనే వేస్తాండా. ఈయమ్మవన్నీ అబద్ధాలు!"

సూదివాడి పాలబడితే కన్నే పోవచ్చని అతనికి తెలుసు. తెలిసి కూడా, పోనీ, బుద్ధొస్తుందనుకున్నాడు. కోపం అంత పాడుది.

దాదాపీర్ అదే వేణ్ణీళ్ళ గిన్నెలో గుడ్డ ముంచి, పిండి, శిష్యుడి అరచేతిలో పెట్టారు.

"ఎట్లుంది?"

"గోరువెచ్చగా ఉంది."

"బాగా చూడు."

"గోరువెచ్చనే హజ్రత్! మీరు కూడా నమ్మరా?"

"కన్ను మూసుకో."

మూసుకున్నాడు. దాదాపీర్ ఆ గుడ్డే తీసి అతని రెప్ప మీద ఆన్చారు.

"అమ్మా!"

ఖాదర్‌వలి వెనక్కి దూకాడు. గుడ్డ నేల మీద పడింది. గడప దాటబోతున్న సుంకమ్మ ఆగి చూసింది.

దాదాపీర్ శిష్యుడి చెయ్యి పట్టుకుని తిప్పారు. అరచేతి నిండా కాయలు, పన్నెండేళ్ళు కల్వం పట్టి నూరగా కాచినవి. వాటిని బొటనవేలితో ఒకసారి తడిమారు.

"మందు నూరిన చెయ్యి నాయనా ఇది. ఆమె రెప్ప ఏ మందూ నూరలేదు కదా."

ఖాదర్‌వలి గిన్నెలో చన్నీళ్ళు కలిపి, కొత్త గుడ్డ ముంచి, ముందు తన రెప్ప మీద పెట్టుకున్నాడు. ఇంకొన్ని నీళ్ళు పోశాడు. మళ్ళీ పెట్టుకుని చూశాడు. గురువు అతని చెయ్యి వదిలి ఎప్పుడో తన పనిలో పడిపోయారు.

"అక్కా, ఇట్లా కూచో" అన్నాడు తల ఎత్తకుండా.

సుంకమ్మ మూట కింద పెట్టి కన్ను మూసుకుంది.