రెండు మూతలు పట్టిన డబ్బా

మూడు పలకలు చీకటిగా ఉండిపోయాక నాలుగోది వెలిగింది. తెర మీద ఎర్రటి చుక్కలు వరసలు వరసలుగా మెరుస్తుంటే హైమ కుర్చీలోంచి లేచి నిలబడింది. రెండు వారాల దిగులు ఒక్కసారి దిగిపోయింది.

విశాఖపట్నంలో ఒక ఆసుపత్రి వెనకాల ఆ ప్రయోగశాల. గదులు రెండే. వంశాల్లో దిగే జబ్బుల్ని రక్తంలో వెతికే చోటు అది. పెద్దాయన వేదాద్రి గారు. ఆసుపత్రంతా ఆయన్ని మాస్టారనే పిలుస్తుంది. ఆయన దగ్గర హైమ రెండేళ్ళుగా పని నేర్చుకుంటోంది.

ఈసారి వచ్చినవాళ్ళు పలాస వైపు జీడితోటల రైతు అసిరినాయుడి కుటుంబం. పెద్దకూతురి కొడుక్కి తలసీమియా. మూడు వారాలకోసారి రక్తం ఎక్కించకపోతే పిల్లవాడు వాడిపోతాడు. ఇప్పుడు చిన్నకూతురు గౌరీశ్వరిని మేనమామ కొడుకు సింహాచలానికి ఇవ్వాలని అనుకుంటున్నారు. ఇద్దరూ చిన్నప్పటి నుంచి ఒకరి మీద ఒకరు ప్రాణం పెట్టుకున్నవాళ్ళే.

"ఇది మా యావిడ పుట్టింటోల రగతంలోది బాబూ," అన్నాడు అసిరినాయుడు, భార్య తవిటమ్మ పక్కనే ఉండగా. "పెళ్ళికొడుకూ ఆ ఇంటోడే కదా. ఇద్దరికీ ఉందంటే ఈ పెళ్ళి నేను సెయ్యను. కాయితం మీద రాసిచ్చీండి."

తవిటమ్మ కొంగు భుజం మీదికి లాక్కుని కిటికీ వైపు చూస్తూ కూర్చుంది.

వెళ్ళేటప్పుడు గౌరీశ్వరి మాత్రం వెనక్కొచ్చి హైమ చెయ్యి పట్టుకుంది. "అక్కా, ఉన్నదే రాయండి. కానీ బాగా చూసి రాయండి."

చూడటం అంటే ఇదీ. డీఎన్‌ఏ అనే మన ఒంటి రాతలో అక్షరాలు నాలుగే. ఏ అక్షరమూ ఒంటరిగా ఉండదు, ప్రతిదానికీ దాని జత అక్షరం ఒకటే ఉంటుంది. వేలెడంత గాజు పలక మీద, మనిషికో గడిలో, సూదిమొనంత చుక్కలు పెడతారు. ఒక్కో చుక్కలో ఇరవై అక్షరాల తునకలు కోట్ల కొద్దీ, అన్నీ ఒకే రాతవి, ఒక కొస గాజుకు అంటుకుని నిలబడి ఉంటాయి. మనిషి రక్తంలోంచి తీసిన రాతకి మెరిసే రంగు తగిలించి, ఆ పలక మీద పోసి, ఒక రాత్రంతా వదిలేస్తారు. దేని జత దాన్ని వెతుక్కుని అతుక్కుంటుంది. పొద్దున్నే కడిగి చూస్తే, అతుక్కున్న చోటే మెరుస్తుంది.

చుక్కలు జంటలుగా ఉంటాయి, ఈ జబ్బు తెచ్చే ఇరవై రకాల తప్పుల్లో ఒక్కోదానికి ఒక జంట. జంటలో ఒకటి మంచి రాతకి, పక్కది అదే రాతలో నడుమ ఒక్క అక్షరం తప్పినదానికి. మంచి చుక్క ఒక్కటే వెలిగితే ఆ మనిషిలో తప్పు లేదు. రెండూ వెలిగితే ఆ తప్పుని మోస్తున్నట్టు. మోసేవాళ్ళకి ఏ బాధా ఉండదు. అలాంటివాళ్ళిద్దరు పెళ్ళాడితేనే పుట్టబోయే ప్రతి బిడ్డకీ నాలుగో వంతు ప్రమాదం.

మొదటి మూడు పలకల్నీ హైమ బాగా వేడిగా ఉన్న నీళ్ళతో కడిగింది. అతుక్కున్నవన్నీ ఊడిపోయాయి. ఎక్కడా వెలుగు లేదు. ఎప్పుడూ పక్కన పెట్టే నమూనా, తప్పు లేదని ముందే తెలిసిన మనిషిది, ఆ మూడింటితోనే అయిపోయింది. అందుకని నాలుగోసారి అది లేకుండానే కానిచ్చింది. ఊడిపోతాయన్న భయంతో చల్లటి ఉప్పునీళ్ళతో, పసిపిల్లకి స్నానం చేయించినంత మెల్లగా కడిగింది.

ఇప్పుడు ఆరుగురికీ, అసిరినాయుడికీ, తవిటమ్మకీ, ఇద్దరు కూతుళ్ళకీ, సింహాచలానికీ, అతని తండ్రికీ, రెండు చుక్కలూ వెలిగాయి. ఈ కుటుంబంలో దిగుతున్న తప్పు ఏదో పిల్లవాడి రక్తం వల్ల ముందే తెలుసు కాబట్టి, ఆ జంట తప్ప మిగతావన్నీ తెర మీద మూసేసింది. కాయితం టైపు చేసి మాస్టారి బల్ల మీద పెట్టింది.

మాస్టారు కళ్ళజోడు సర్దుకుని చదివారు. "ఆరుగురికీనా?"

"ఆరుగురికీ. చుక్కలు చూడండి మాస్టారూ, దీపావళే!"

"పెళ్ళికూతురికీ, పెళ్ళికొడుక్కీ కూడా."

"అవును." ఆ మాట అనేటప్పుడు మాత్రం హైమ గొంతు కాస్త తగ్గింది.

ఆయన కలం తీశారు. మళ్ళీ మూతపెట్టి జేబులో పెట్టుకున్నారు. చొక్కా చెయ్యి మోచేతి పైకి మడిచి ముందుకు చాపారు.

"నాదీ కాస్త రక్తం తీసి పెట్టు."

"మీదెందుకు మాస్టారూ?"

"అందర్నీ చూశావుగా. నన్నూ చూడు."

రెండు రోజుల తర్వాత, అదే చల్లటి కడుగు కడిగాక, హైమ ఆయన గది గుమ్మంలో నిలబడి లోపలికి రావడానికి తటపటాయించింది.

"ఏమిటమ్మాయ్, ముఖం అలా పెట్టావు?"

"మాస్టారూ... మీకూ ఉంది."

"అలాగా! పెళ్ళికి ముందే చెప్పి ఉంటే మా మామగారు బతికిపోయేవారే!" ఆయన పొట్ట కదిలేలా నవ్వారు. తర్వాత సొరుగు లాగి, అంచులు పసుపెక్కిన కాయితం ఒకటి ఆమె ముందు పెట్టారు. పన్నెండేళ్ళ కిందట వేరే పద్ధతిలో, అక్షరం అక్షరం చదివించుకున్న కాయితం. తప్పు లేదని అందులో ఉంది.

హైమ తన బల్ల దగ్గరికి పరిగెత్తింది. తెర మీద మూసేసిన జంటలన్నీ తెరిచింది. అన్నీ వెలుగుతున్నాయి. ఆ లెక్కన మాస్టారికి ఒక్క తలసీమియాలోనే ఇరవై రకాల తప్పులుండాలి. గౌరీశ్వరికీ ఇరవయ్యే.

ఆమె తల తిప్పింది. గుమ్మంలో మాస్టారు నిలబడి ఉన్నారు.

"ఆ కాయితం వెళ్ళిపోయి ఉంటే మాస్టారూ, ఆ పిల్ల పెళ్ళి..."

"వెళ్ళలేదుగా. రా, అన్నం తిందాం."

భోజనాల బల్ల దగ్గర ఆయన తన స్టీలు డబ్బా ఖాళీ చేసి, కడిగి, నిండా నీళ్ళు పట్టారు. తన మూతా హైమ మూతా పక్కపక్కన పెట్టారు. రెండూ ఒకే కొలతవిలా ఉన్నాయి.

"నా డబ్బా మూత ఏది?"

హైమ ఒకటి పెట్టింది. సరిపోయింది. తీసి రెండోది పెట్టింది. అదీ సరిపోయింది. "రెండూ పడుతున్నాయి మాస్టారూ."

"ఊపు."

మెల్లగా ఊపింది. ఏమీ కాలేదు.

"ముద్దు చేస్తున్నావా? ఊపవమ్మా."

కాస్త గట్టిగా ఊపింది. మూత ఎగిరి బల్ల కింద పడింది. నీళ్ళు చున్నీ మీద ఒలికాయి. మళ్ళీ నీళ్ళు పట్టి, మొదటి మూత పెట్టి, అంతే గట్టిగా ఊపింది. చుక్క రాలేదు. పౌరుషం వచ్చి డబ్బా తలకిందులు చేసి బల్లకేసి కొట్టబోయింది.

మాస్టారు చెయ్యి అడ్డం పెట్టారు. "అంత కొడితే దేని మూతైనా ఊడుతుంది."

హైమ చెయ్యి గాలిలోనే ఆగింది.

ఆయన డబ్బా తీసుకుని నీళ్ళు పారబోశారు. "ఊపేదాకా రెండూ దానివే," అని, మజ్జిగ గ్లాసు దగ్గరికి లాక్కున్నారు.

హైమ తన అన్నం సగంలోనే వదిలేసి వెళ్ళింది. జత కానివాటిని కూడా అంటిపెట్టి ఉంచే ఉప్పుని కడుగునీళ్ళలో తగ్గించింది. వేడి కొద్దికొద్దిగా పెంచుతూ, పెంచినప్పుడల్లా కడిగి చూసింది. ఈసారి రెండు గుర్తులు పెట్టుకుంది. తప్పు లేదని తెలిసిన మాస్టారి రక్తం ఒకటి. తప్పు ఉందని తెలిసిన పెద్దకూతురి రక్తం ఒకటి, ఆమె కొడుక్కి జబ్బు ఉంది కాబట్టి. ఒక వేడి దగ్గర మాస్టారి తప్పు చుక్క ఆరిపోయింది. పెద్దకూతురి రెండు చుక్కలూ నిలిచాయి. హైమ అక్కడ ఆగి, వేడి పెంచే మీట మీద పెన్సిలుతో చిన్న గీత గీసింది. మిగతావాళ్ళందర్నీ అదే వేడిలో కడిగింది. అదంతా ఇంకోసారి మొదటి నుంచీ చేసింది. చెయ్యమని ఆమెకి ఎవరూ చెప్పలేదు.

మరుసటి సోమవారం సింహాచలం తండ్రి తప్ప అందరూ వచ్చారు. ఈసారి కాయితం కింద మాస్టారి సంతకం ఉంది. చదివింది హైమే.

"గౌరీశ్వరికి ఉంది. సింహాచలానికి లేదు. వాళ్ళ నాన్నగారికీ లేదు."

గౌరీశ్వరి ముందుకు వంగింది. "అంటే అక్కా?"

"అంటే మీ పిల్లలకి ఆ జబ్బు భయం లేదు. పెళ్ళి చేసుకోండి."

సింహాచలం ఎవరికీ కనపడకుండా ముఖం తుడుచుకున్నాడు. అందరికీ కనపడింది.

అసిరినాయుడు మాత్రం వేలు ముడుచుకుంటూ లెక్క వేస్తున్నాడు. "ఆళ్ళ ఇంట్లో నేకపోతే, మరి మా పిల్లలకి ఎక్కడ్నుంచి వొచ్చినట్టండి?"

హైమ మాస్టారి వైపు చూసింది. ఆయన కిటికీ వైపు చూశారు.

"తవిటమ్మ గారికీ లేదండి," అంది హైమ. "మీకు ఉంది."

తవిటమ్మ కొంగు సర్దుకుని నిటారుగా కూర్చుంది.

"ఆరేళ్ళుగా మా పుట్టింటోల మీద తోసీసినావు. సెప్పు మావా, ఇప్పుడేటంతావు?"

"ఏటంతాను!" అసిరినాయుడు తల గోక్కున్నాడు. "మీయన్నకి ఫోను సెయ్యి. పప్పన్నం ఎప్పుడెడతారో అడుగు."

తవిటమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది గానీ నవ్వు ఆగలేదు.

వాళ్ళు వెళ్ళిపోయాక బల్ల మీద జీడిపప్పు సంచి మిగిలింది. మాస్టారు గుప్పెళ్ళతో తీసి హైమ డబ్బాలో పోశారు.

"మాస్టారూ, ఆ కాయితం తప్పని ఆ రోజే మీకు తెలుసా?"

"తెలీదమ్మా. తెలిస్తే చెయ్యి గుచ్చుకోనిస్తానా?"

హైమ నవ్వింది. డబ్బాకి మూత పెట్టింది. సంచిలో పెట్టుకోబోతూ ఆగి, చెవి దగ్గర పట్టుకుని, మరీ మెల్లగా కాదు, మరీ గట్టిగా కాదు, ఒక్కసారి ఊపి చూసుకుంది.

మాస్టారు నోట్లో ఒక పప్పు వేసుకుని, చూడనట్టే నములుతూ కూర్చున్నారు.