వేళ్ళొచ్చిన తులసి, దగ్గని శవం

వీధిలో అందరికీ పంచిపెట్టగా మిగిలిన తెలివంతా తన ఇంట్లోనే పోగుపడి ఉందని నాంచారమ్మ నమ్మకం. ఎక్కడ బయటికి పోతుందోనని కిటికీలు కూడా తెరవదు. మొగుడు కోటయ్య ఇంకా ఘనుడు. "ఇంట్లో ఎవరూ లేరా?" అని ఎవరైనా తలుపు కొడితే, "లేరండీ, మేమిద్దరమే ఉన్నాం" అని మర్యాదగా చెప్పే మనిషి.

ఆ కోటయ్యకి ఊరి నాటకంలో వేషం దొరికింది. శవం వేషం. "మాట లేకుండా, కదలకుండా మెప్పించాలంటే ఎంత తెలివుండాలి!" అని నాంచారమ్మ వీధంతా చాటింది. ఖర్మకి కోటయ్యకి దగ్గు పట్టుకుంది. "ఒక్క దగ్గు వినబడిందా, వేషం ఇంకొకడికి ఇచ్చేస్తా" అన్నారు నాటకం మేష్టారు. నాంచారమ్మ వీధిలోకొచ్చి లబోదిబోమంది. శవం పెళ్ళాం అనిపించుకునే యోగం మళ్ళీ వస్తుందా?

పక్కింటి బాలామణి జాలిపడి, దగ్గుకి మందని తులసి కొమ్మ తెచ్చిచ్చింది. "గ్లాసు నీళ్ళలో పెట్టు వదినా, వేళ్ళొస్తాయి. అప్పుడు కుండీలో నాటు. నీళ్ళు మాత్రం ఎక్కువ పొయ్యకు, వేళ్ళు కుళ్ళిపోతాయి. తలలు గిల్లుతూ ఉండు, గుబురుగా వస్తుంది."

అంతే. మొగుడూ పెళ్ళాం గ్లాసు ముందు కాపలా కూర్చున్నారు. కొన్నాళ్ళకి కొమ్మ అడుగున తెల్లగా ఏవో మొలిచాయి.

"ఏమయ్యా, ఇందులో బొటనవేలేదీ?"

"వేళ్ళు కావే, వెంట్రుకలు. నెరిసిపోయాయి కూడా. ముసలి కొమ్మ అంటగట్టిందే ఆవిడ!"

బాలామణి వచ్చి చూసి, తల బాదుకుని, తనే కుండీలో నాటి పోయింది.

నీళ్ళు ఎక్కువైతే వేళ్ళు కుళ్ళిపోతాయన్న మాట నాంచారమ్మకి బాగా గుర్తుంది. ఇంకేముంది, అంట్లు తోమడం మానేసింది. అన్నం తిన్న చెయ్యి కోటయ్య గోడకి తుడిచాడు. గోడ నిండా పప్పు, పప్పు నిండా చీమలు. "పోతే పోయింది గోడ, వేళ్ళు దక్కాయి" అనుకున్నారు.

ఇక తల సంగతి. తులసికి తల ఎక్కడుందో తెలియలేదు. కోటయ్య తల ఎక్కడుందో తెలుసు, పైగా అది బట్టతల. "గుబురుగా వస్తుందయ్యా, ఓర్చుకో" అని పూటపూటా గిల్లింది. జుట్టు రాలేదు, బొప్పులొచ్చాయి. అరిచి అరిచి దగ్గు రెట్టింపయింది.

బాలామణి ప్రహరీగోడ మీంచి నీళ్ళు పోస్తూండబట్టి తులసి మాత్రం ఏపుగా ఎదిగింది. నాటకం రోజు ఆవిడ, "ఆకులు వేసి, నీళ్ళు సగమయ్యేదాకా మరిగించి తాగించు" అని చెప్పింది. నాంచారమ్మ సగం నీళ్ళు దొడ్లో పారబోసింది. చిటికెలో సగమయ్యాయి, ఇంక పొయ్యి ఎందుకు? చన్నీళ్ళు తాగిన కోటయ్య ఇల్లెగిరిపోయేలా దగ్గాడు.

బాలామణికి ఒళ్ళు మండింది. గుప్పెడు ఆకులు దూసి కోటయ్య నోట్లో కుక్కింది. "బుగ్గన పెట్టుకుని రసం మింగుతుండు. నాటకం అయ్యేదాకా నోరు తెరిచావో, నిజం శవాన్ని చేస్తా!"

రంగస్థలం మీద కోటయ్య కొయ్యలా పడున్నాడు. ఒక్క దగ్గు లేదు. జనంలో నాంచారమ్మ మెడ నిక్కించి కూర్చుంది. భార్య వేషం కట్టిన రంగనాథం శవం మీద పడి, "నాథా! ఒక్కసారి లేవండి! ఒక్క మాట పలకరించండి!" అని గుండెలు బాదుకున్నాడు.

కోటయ్య మనసు కరిగింది. లేచి కూర్చున్నాడు. బుగ్గ చూపించి, పెళ్ళాం వైపు చెయ్యి చూపించి, మళ్ళీ బుద్ధిగా పడుకున్నాడు.

నాంచారమ్మ వెంటనే లేచింది. "ఆయన నోట్లో తులసి ఉంది రంగనాథం! నేను పలకరిస్తాలే. బాగున్నావా? భోంచేశావా?"

మేష్టారు తెర దించమని గావుకేకలు పెడుతున్నారు. నాంచారమ్మ మాత్రం బాలామణి వైపు తిరిగి, కళ్ళెగరేసింది.

"చూశావా వదినా? లేచాడే గానీ, దగ్గాడా?"