నాళానికి పట్టిన సున్నం

మెట్లెక్కేటప్పుడు నేను పక్కనున్న కమ్మీ పట్టుకోను. గొప్పకి కాదర్రా. దాని అవసరం పెద్దవాళ్ళకి కదా అని వాళ్ళకోసం వదిలేస్తాను. నాకు డెబ్బై దాటాయి, అది వేరే సంగతి. మెట్ల మాట వచ్చింది కాబట్టి ఈ కథ వినండి.

ఒకప్పుడు ముసలివాళ్ళు పిల్లలతో పోటీపడి గుట్టలెక్కేవాళ్ళు. వాళ్ళ ఒంట్లో నెత్తురు పారే నాళం లేత తామరతూడులా మెత్తగా ఉండేది. దాని లోపలి గోడమీద ఒక చిరుగాలి పుట్టేది. బతికేది రెప్పపాటే. ఆ రెప్పపాటులోనే, "అక్కా, నెత్తురొస్తోంది, కాస్త వదులవ్వు," అనేది. నాళం వదులయ్యేది. నెత్తురు హాయిగా సాగిపోయేది.

ఒకరోజు బంగారమ్మ అనే ముసలమ్మ సీతాఫలాల కోసం గుట్టెక్కుతూ జారిపడింది. ఏమీ కానట్టు లేచి చీర దులుపుకుంది.

"ఏం ఎముక వదినా నీది! రాయనుకో," అంది వెనకే వస్తున్న ఆడపడుచు నూకాలు.

లోపలున్న నాళం ఆ మాట విన్నది. కడుపు మండిపోయింది.

"పగలూ రాత్రీ చాకిరీ నాది. పేరు ఎముకది. ఏం చూసుకునే దానికంత గొప్ప?"

"దాంట్లో సున్నం ఉందక్కా, అందుకే గట్టి," అంది చిరుగాలి. "నీ గొప్పంతా మెత్తదనంలో ఉంది."

"మెత్తగా ఉన్నవాళ్ళని ఎవరు మెచ్చుకున్నారే?"

నాళం నెత్తురుని బతిమాలి, ఎముకలోంచి చిటికెడు చిటికెడు సున్నం తెప్పించుకుంది. పండక్కి ఇంటికి వెల్ల వేసినట్టు గోడలకి పూసుకుంది. ఒక పూత ఆరగానే ఇంకో పూత.

"ఏమే ఎముకా, ఇప్పుడెవరు గట్టి?"

ఎముక అప్పటికే గుల్లబారింది.

మళ్ళీ సీతాఫలాలు పండాయి. బంగారమ్మ బుట్ట పట్టుకుని బయల్దేరింది. సగం గుట్టెక్కేసరికి లోపల గుండె గోల పెట్టింది. "దారివ్వవే నాళమా, ఎంత తోసినా పోవడం లేదు."

"వదులవ్వు అక్కా," అంది చిరుగాలి.

నాళం నిజంగానే వదులవ్వాలనుకుంది. బిగిసిన గోడ కదల్లేదు. పిలిచి పిలిచి చిరుగాలి గొంతు సన్నబడిపోయింది.

బంగారమ్మ బండమీద కూలబడింది.

"ఏం వదినా, ఆగిపోయావ్?"

"ఏం లేదే. గాలి బాగుందని కూర్చున్నా."

ఆ ఏడు పళ్ళన్నీ నూకాలే కోసుకుంది. నాళం ఎముకకేసి ఎలా చూసిందో, నూకాలు బుట్టకేసి బంగారమ్మ అలాగే చూసింది.

అప్పటినుంచే పెద్దవాళ్ళ ఎముకలు గుల్లబారుతున్నాయి, నాళాలు బిగుసుకుంటున్నాయి. సగం మెట్లెక్కి, గాలి బాగుందంటూ కూర్చుంటున్నారు.

నేనూ అంతే. పై అంతస్తు సన్యాసిరావు నాకన్నా పెద్దవాడు. ఈల వేసుకుంటూ నన్ను దాటి పోతాడు. అది చూసి కుళ్ళుకోకుండా ఉండటం నాకింకా చేతకాలేదు.