కళ్ళు మూసుకుని కొన్న కార్డు

సాలూరులో తెలివైన ఇల్లు ఏదని అడిగితే మిగతా ఊరు ఏమంటుందో గానీ, మజ్జి పైడిరాజు ఇంట్లో మాత్రం ముగ్గురూ ఒకేసారి చెయ్యెత్తి "మాదే" అంటారు.

"ఎవరు ఏది చెప్తే అది అక్షరం పొల్లుపోకుండా చేస్తాం. లోకంలో అది చేతకాకే ఇన్ని గొడవలు" అంటాడు పైడిరాజు. బస్సు కండక్టరుగా ముప్ఫై మూడేళ్ళు చేసి దిగినవాడు. ఉద్యోగంలో చేరిన రోజున పైవాళ్ళు "బస్సులో టికెట్టు లేకుండా ఒక్కడు కూడా ఉండకూడదు" అన్నారు. అంతే, ఆ రోజు నుంచి దిగిపోయే రోజు దాకా డ్రైవరుకి ఒక టికెట్టు, తనకి ఒక టికెట్టు సొంత డబ్బుతో కొట్టుకున్నాడు.

తమ్ముడు తవిటయ్య లారీల మీద అక్షరాలు రాస్తాడు. ఒక ఓనరు "వెనకాల ఏదో ఒకటి రాసెయ్యవయ్యా" అన్నాడు. ఇంకేముంది, ఆ లారీ ఈ రోజుకీ 'ఏదో ఒకటి' అని వీపున రాసుకుని ఒడిశా దాకా తిరుగుతోంది.

ఇక పైడిరాజు పెళ్ళాం అచ్చియ్యమ్మ. కాపురానికి వచ్చిన కొత్తలో అత్తగారు "పాలు పొయ్యి మీద పెట్టాను, చూస్తూ ఉండు" అంది. అత్త తిరిగొచ్చేసరికి గిన్నెలో చుక్క లేదు. "మొదటి నుంచి చివరి దాకా చూశానత్తా, ఒక్కసారి కూడా రెప్ప వెయ్యలేదు" అని చెప్పింది.

ఇలాంటి ఇంటికి ఒక కంప్యూటరు వచ్చింది. అచ్చియ్యమ్మ మేనల్లుడికి దూరాన ఉద్యోగం దొరికి, పోతూ పోతూ పాతది వీళ్ళకిచ్చి పోయాడు. అందులో ఒక బస్సు ఆట ఉంది. తెర మీద రోడ్డు, రోడ్డు మీద బస్సు, నడిపేది మనం. అది చూసిన పైడిరాజుకి కంట్లో నీళ్ళు తిరిగాయి. ముప్ఫై మూడేళ్ళు బస్సులో నిలబడ్డాడు గానీ, ఒక్క రోజు కూడా స్టీరింగు మీద చెయ్యి వెయ్యలేదు. ఆ ముందు సీటు వంక చూస్తూ చూస్తూనే ముసలాడైపోయాడు.

వెంటనే ఆటకని చిన్న స్టీరింగు కొన్నాడు. కంప్యూటరు బల్ల వెనక రెండు వరసల్లో ఆరు కుర్చీలు వేశాడు. ఖాకీ చొక్కా తొడుక్కుని ముందు కూర్చున్నాడు. తవిటయ్య పాత క్యాలెండరు చింపి టికెట్లు ఇచ్చాడు. అచ్చియ్యమ్మ కిటికీ పక్క సీటు ఏరుకుని కూర్చుంది. వీధిలోని ఇద్దరు ముగ్గురు ఆడవాళ్ళు కూడా ఎక్కారు. రోజూ మధ్యాహ్నం మూడింటికి బస్సు బయల్దేరేది.

వారం బాగానే గడిచింది. తర్వాత ఆటలో ఘాట్ రోడ్డు వచ్చింది. ఇంకేముంది! మలుపు వచ్చిందంటే చాలు, తెర మీద బస్సు కట్టేసినట్టు ఆగిపోయేది. ఆగి ఆగి ఒక్కసారి ఎగిరి లోయలో పడేది. మొదటిసారి పడినప్పుడు అచ్చియ్యమ్మ "చచ్చాం రా దేవుడా!" అని కుర్చీలోంచి పక్కకి దూకేసింది. కాలు బెణికింది. పసుపు పట్టు వేయించుకుంటూ మొగుడికి తేల్చి చెప్పింది.

"ఈ బస్సు బాగయ్యే దాకా నేను ఎక్కనయ్యా. ఆ వెనకాల వాళ్ళూ ఎక్కరు."

మర్నాడు మూడింటికి పైడిరాజు స్టీరింగు పట్టుకుని కూర్చున్నాడు. వెనక ఆరు కుర్చీలూ ఖాళీ. తమ్ముడు "రైట్ రైట్" అన్నా అతనికి బండి తియ్యబుద్ధి కాలేదు. మనిషి దిగులుతో సగమయ్యాడు.

అన్నదమ్ములిద్దరూ బజారులో కంప్యూటర్లు బాగుచేసే జోగారావు దగ్గరికి పోయారు. జోగారావు అంతా విని నవ్వు ఆపుకున్నాడు.

"బాబాయ్, మీ కంప్యూటర్లో బొమ్మలు చూపించే కార్డు చాలా చిన్నది. ఈ ఆటకి అది చాలదు. పెద్ద గ్రాఫిక్స్ కార్డు వేస్తే బొమ్మ వెన్నలా సాగుతుంది. కాకపోతే ఖరీదైన వస్తువు. తొందరపడకండి. ఇంటికెళ్ళి పదిమందిని అడిగి, ముందూ వెనకా చూసుకుని, ముగ్గురూ ఒక మాట మీదకి వచ్చాక రండి."

ఆ మాటలు పైడిరాజుకి తెగ నచ్చాయి. "చూశావురా, లెక్క ప్రకారం చెప్పాడు. పదిమంది. ముందు, వెనక. ఒక మాట" అని తమ్ముడి చేత మూడుసార్లు చెప్పించాడు.

అంతే, మర్నాడు పొద్దున్నే అన్నదమ్ములు గుమ్మంలో కుర్చీలు వేసుకుని కూర్చున్నారు. దారిన పోయేవాళ్ళని ఆపి "మేం కార్డు కొనాలా, వద్దా?" అని అడగడం మొదలెట్టారు. పాలమ్మే ఆమె "రేషను కార్డు కొనడమేటి బావూ, అర్జీ పెట్టుకుంటే ఊరికే ఇస్తారు కదా" అంది. చేపల బుట్ట దించిన మనిషి "బీమా కార్డయితే తీసుకోండి, ఆస్పత్రిలో పనికొస్తుంది" అన్నాడు. పెళ్ళి పత్రికలు పంచుతున్న పెద్దమనిషి "కొనడమెందుకూ, ఇదిగో తీసుకోండి, పై వారమే ముహూర్తం" అని ఒకటి చేతిలో పెట్టి పోయాడు. తవిటయ్య మనిషికో గీత చొప్పున గోడ మీద లెక్క గీశాడు.

ఎనిమిదో మనిషి సెల్‌ఫోను రిపేరు కుర్రాళ్ళతో తిరిగేవాడు. కాస్త తెలిసినట్టు మాట్లాడాడు. "ఇప్పుడు కొంటే మోసపోతారు. ఆగండి, ఆరు నెల్లు ఆగండి. ఇంకా మంచిది వస్తుంది."

అప్పుడు తవిటయ్య అరుగు దిగి వీధిలోకి ఒక కాలు వేసి ఉన్నాడు. "ఆగండి" అన్న మాట చెవిన పడగానే అలాగే ఆగిపోయాడు. ఒక కాలు మెట్టు మీద, ఒక కాలు రోడ్డు మీద. సైకిళ్ళు గంటలు కొట్టాయి. ఆటో తిట్టింది. కదిలితేనా? పది నిమిషాలకి అచ్చియ్యమ్మ బయటికొచ్చి చూసింది.

"ఏటి మరిదీ, కొయ్యలాగా నిలబడ్డావు?"

"ఆరు నెల్లు ఆగమన్నాడు వదినా."

"ఆరు నెల్లా! మరి సాయంత్రం కూరలెవరు తెస్తారు?"

పైడిరాజు ఆలోచించాడు. "ఒరే, ఆరు నెల్లయ్యాక ఇంకొకణ్ణి అడిగితే వాడూ ఇంకో ఆరు నెల్లు ఆగమంటాడేమో. అప్పుడు నీ కాలు ఏమవాలి?" తవిటయ్య కాలు ఎత్తి లోపల పెట్టేశాడు.

పదిమందీ అయ్యారు. సరిగ్గా అప్పుడే హైస్కూల్లో కంప్యూటరు పాఠాలు చెప్పే మేష్టారు అటుగా వస్తూ ఆగారు. "గ్రాఫిక్స్ కార్డంట కదా? మీ కంప్యూటరు ఏ ఏడాదిది? నేనొకసారి చూసి చెప్తాను, అసలు మీకు..."

"వద్దు మేష్టారూ" అన్నాడు పైడిరాజు, చేతులు జోడించి. "పదిమందిని అడగమన్నారు. పదీ అయిపోయాయి. మీరు పదకొండు."

మేష్టారు తన దారిన వెళ్ళిపోయారు. ఆ వీధిలో ఆ వస్తువు గురించి తెలిసిన మనిషి ఆయనొక్కడే.

ఇక మిగిలింది ముందూ వెనకా. ముగ్గురూ బజారు దారి పట్టి, రెండడుగులకోసారి ముందుకి చూసి, రెండడుగులకోసారి వెనక్కి చూసి నడిచారు. వెనక్కి చూస్తున్నప్పుడు తవిటయ్య ఉల్లిపాయల బస్తా మీద పడ్డాడు. ముందుకి చూస్తున్నప్పుడు ఆ ఉల్లిపాయల ఆసామి వెనక నుంచి వచ్చి వీపు మీద ఒకటి ఇచ్చాడు.

"ఇంకా ఒక మాట మీదకి రాలేదు కదా" అని కొట్టు ముందర గుర్తొచ్చింది పైడిరాజుకి. "ముగ్గురం ఒకే మాట అనాలి. ఏ మాట?"

అచ్చియ్యమ్మ ధ్యాసంతా ఇంట్లో పొయ్యి మీద పెట్టొచ్చిన కూర మీద ఉంది. "వంకాయ" అంది. బాగుందనుకున్నారు. కొట్లోకి పోయి జోగారావు ముందు వరసగా నిలబడి ఒక్క గొంతుతో అన్నారు.

"వంకాయ!"

జోగారావు ఉలిక్కిపడ్డాడు. తర్వాత, ఎలాగూ కొనడానికే వచ్చారు కదా అనుకుని అలమారలోంచి ఇటుకంత పెట్టె ఒకటి దించాడు. "ఇదిగో బాబాయ్. దీన్ని మించింది ఈ చుట్టుపక్కల లేదు. కళ్ళు మూసుకుని కొనేయొచ్చు."

ఇంకేముంది! ముగ్గురూ గట్టిగా కళ్ళు మూసుకున్నారు. "రేటు ఇక్కడ రాసుంది, ఒకసారి చూసుకోండి" అన్నాడు జోగారావు. "ఎలా చూస్తాం? కళ్ళు మూసుకుని కదా కొనాలి!" అన్నాడు పైడిరాజు. ఆ మాటకి జోగారావు గొంతు ఒక్కసారిగా మెత్తబడింది. "అయితే మీ బ్యాంకు కార్డు ఇలా ఇవ్వండి."

"కార్డుకి కార్డా?"

"అవును బాబాయ్."

"న్యాయంగానే ఉంది. అదీ చిన్నదే, మాకు పెద్దదొస్తోంది" అని తడుముకుంటూ తీసిచ్చాడు. రిటైరైనప్పుడు వచ్చిన డబ్బులో చాలా భాగం అలా గీసుకుంటూ పోయింది. ఆ ముగ్గురికీ అది కనబడనే లేదు.

"కంప్యూటరు ఇక్కడికి తెస్తే నేనే పెట్టిస్తాను" అన్నాడు జోగారావు.

పైడిరాజుకి రోషం వచ్చింది. "మాకా చేతకానిది? ఏం చెయ్యాలో చెప్పు, అక్షరం పొల్లుపోకుండా చేస్తాం."

"సరే అయితే. పెట్టెలో పెట్టి మూత బిగించండి. వేడెక్కుతుంది, గాలి తగిలేలా చూడండి. ముఖ్యమైంది ఇంకోటి. పాత డ్రైవర్ని తీసేసి కొత్త డ్రైవర్ని వెయ్యాలి. లేకపోతే ఎంత పెద్ద కార్డయినా దండగే."

జోగారావు లెక్కలో డ్రైవరంటే కార్డుని నడిపించే కంప్యూటరు ప్రోగ్రాము. పైడిరాజు మొహం మాత్రం వాడిపోయింది. "పాత డ్రైవర్ని తియ్యాల్సిందేనా?"

"తప్పదు. పాతవాడుంటే కొత్తవాడితో గొడవ పడతాడు. కొత్త డ్రైవరు ఊరికే వస్తాడు, డబ్బులేం ఇవ్వక్కర్లేదు."

ఇంటికొచ్చాక చెప్పినవన్నీ చేశారు. అచ్చియ్యమ్మ తన పెళ్ళినాటి ఇనప్పెట్టె తెరిచి, పట్టు చీరల మధ్య కార్డు పెట్టి, మూత వేసి, తాళం బిగించింది. పక్కన కూర్చుని విసనకర్రతో పెట్టెకి విసిరింది. పెట్టె మీద చెయ్యి వేసి చూసి "చల్లగానే ఉంది పాపం" అంది.

తర్వాత డ్రైవరు సంగతి. పైడిరాజు ఖాకీ చొక్కా విప్పి మడతపెట్టాడు. ఉద్యోగంలోంచి దిగిన రోజు కూడా అతనికి ఇంత బాధ కలగలేదు. తవిటయ్య అన్న భుజాల మీద శాలువా కప్పాడు. "మా అన్న ఈ బస్సుని ఎనిమిది రోజులు నడిపి, నాలుగుసార్లే లోయలో పడేశాడు" అని ఉపన్యాసం ఇచ్చాడు. అచ్చియ్యమ్మ ముక్కు చీదింది.

లారీలకి పేరుపడ్డ సాలూరులో డ్రైవర్లకి కొదవా? లారీకి కొత్త తొట్టి కట్టిస్తూ నెలరోజులుగా ఖాళీగా తిరుగుతున్న ఎర్రన్నని తీసుకొచ్చారు. ఎర్రన్న పాతికేళ్ళు లారీ తోలినవాడు. లుంగీ ఎగ్గట్టి ముందు కూర్చున్నాడు.

"ఇదేం బండి పైడిరాజన్నా? గేరు లేదు, బ్రేకు లేదు."

"కార్డు మీద నడుస్తుంది. నువ్వు తియ్యి."

మూడయ్యింది. అచ్చియ్యమ్మ కుంటుకుంటూ వచ్చి కిటికీ పక్కన కూర్చుంది. ఆడవాళ్ళూ ఎక్కారు. పైడిరాజు మళ్ళీ తన పాత చోట్లో, కుర్చీల మధ్యన నిలబడి "రైట్ రైట్" అన్నాడు.

బస్సు కదిలింది. ఎర్రన్న నోటితోనే హారను కొట్టుకుంటూ ఘాట్ ఎక్కించాడు. మొదటి మలుపు రాగానే, అంతే, బస్సు కట్టేసినట్టు ఆగిపోయింది.

ఎర్రన్న చెవి ఒగ్గి విన్నాడు. "బండి ఎత్తుకోవట్లేదు. అందరూ దిగి ఒక తోపు తొయ్యండి."

ఇంకేముంది, అందరూ కుర్చీలు దిగారు. తవిటయ్య ఒక పక్క, పైడిరాజు ఒక పక్క, ఆడవాళ్ళు వెనక చేరి కంప్యూటరు బల్లని "ఐలెస్సా!" అని తోశారు. బల్ల గడప దాకా వచ్చింది. గోడకున్న ప్లగ్గు టప్పుమని ఊడింది. తెర నల్లబడింది.

అందరూ తెర వంక ఒంగి చూశారు.

"సొరంగం" అన్నాడు తవిటయ్య.

"సొరంగమే" అంది అచ్చియ్యమ్మ. "లైట్లు వెయ్యండయ్యా."

ఎర్రన్న దిగిపోయాడు. "నేను సొరంగంలో ఎప్పుడూ తోల్లేదన్నా. నా వల్ల కాదు" అని చెప్పులేసుకుని ఇంటికి పోయాడు.

అందరూ కుర్చీలు ముందుకి జరుపుకుని మళ్ళీ ఎక్కారు. బస్సు నిండా జనం. చుట్టూ చీకటి. ముందు సీటు ఖాళీ. పైడిరాజు ఒక్క క్షణం తటపటాయించాడు. తర్వాత శాలువా తీసి పారేసి, వెళ్ళి కూర్చుని స్టీరింగు పట్టుకున్నాడు. నిమిషం గడిచింది, కుదుపు లేదు. ఐదు నిమిషాలు గడిచాయి, లోయ లేదు. బస్సు ఎక్కడా ఆగలేదు, ఎగరలేదు.

"ఏవయ్యా!" అంది అచ్చియ్యమ్మ మురిసిపోతూ. "కడుపులో చల్ల కదలకుండా నడుపుతున్నావు కదా!"

"కార్డంటే ఇదీ" అన్నాడు పైడిరాజు. సొరంగంలో లేని వెలుగంతా అతని మొహంలో ఉంది.

సాయంత్రం ఐదింటికి, కార్డు ఎలా ఉందో చూద్దామని జోగారావు వచ్చాడు. గడప మధ్యన బల్ల, నల్లటి తెర, స్టీరింగు తిప్పుతున్న పైడిరాజు, వెనక వరసలో కునికిపాట్లు పడుతున్న ఆడవాళ్ళు కనబడ్డారు. "బాబాయ్, ప్లగ్గు ఊడిపోయింది. కార్డు అసలు పెట్టారా లేదా?" అన్నాడు.

"ఫుట్‌బోర్డు మీద నిలబడకు, లోపలికి రా. పెట్టెలో పెట్టాం, మూత బిగించాం" అన్నాడు పైడిరాజు, రోడ్డు మీంచి చూపు తిప్పకుండా.

అచ్చియ్యమ్మ తాళం చెవి చూపించింది. జోగారావు ఇనప్పెట్టె వంక చూశాడు. విసనకర్ర వంక చూశాడు. "అది అక్కడ కాదు, ఇటివ్వండి, నేను..." అని ముందుకి ఒంగాడు.

"దాని మీద చెయ్యి వేశావంటే ఊరుకోను!" అని అరిచాడు పైడిరాజు. "రెండు గంటలుగా సొరంగంలో చిన్న కుదుపు కూడా లేకుండా పోతున్నాం. ఒక్క కార్డుకే ఇంత మెత్తగా ఉంటే, రెండోది కూడా ఉంటే ఎలా ఉంటుందో! ఇంట్లో బియ్యం పెట్టె ఒకటి ఖాళీగానే ఉంది. ఇంకోటి తీసుకురా."

జోగారావు పైడిరాజు జేబు వంక చూశాడు.

"కళ్ళు మూసుకోండి, బాబాయ్" అన్నాడు.

పైడిరాజు స్టీరింగు వదలకుండానే కళ్ళు మూసుకున్నాడు. వెనకాల బస్సంతా కూడా మూసుకుంది.