అడుగు నీళ్ళు

ఆ పొద్దు దస్తగిరికి ముద్ద దిగలేదు. ముందురోజు గురువుకు ఒక అబద్ధం చెప్పాడు. 

వంక పొంగి ఊళ్ళు మునిగిన ఏడు అది. అతని గురువు పీరప్ప తాత గుట్ట కింద దర్గాలో ఉండే ఫకీరు. ఉపదేశం అడిగినవాళ్ళ చేతికి బొక్కెన ఇచ్చే మనిషి. వరద తీశాక ఇంటింటికీ తిరిగి బావుల్లో బ్లీచింగ్ పౌడరు కలపడం ఆయన లెక్కలో ప్రార్థనే. పన్నెండేళ్ళు వెంట తిరిగిన దస్తగిరికి ఇక నేర్చుకోవలసింది లేదనిపించింది. అందుకే ముందురోజు, "ఓబులమ్మ ఇంటికి నేనొక్కణ్ణే పోతా తాతా" అన్నాడు.

ఓబులమ్మ భర్త గంగప్ప ఇంటి బావి నీళ్ళు తాగి, వాంతులూ విరేచనాలతో రెండు రోజుల్లో పోయాడు. పురిటికొచ్చిన కూతురు ఇంట్లోనే ఉంది.

అరవై అడుగుల బావి. దస్తగిరి పౌడరును నీళ్ళలో కలిపి, అందులోని సున్నం అడుక్కు దిగాక పైతేటను బొక్కెనలోకి వంచాడు. దాన్ని నీళ్ళ అడుగుదాకా దించి, పైకీ కిందికీ ఆడించాలి. అసలు పని అదే. బొక్కెన మునిగి సగం దూరం పోయిందో లేదో, కింద ఎవరో పట్టుకున్నారు.

లాగలేదు. ఊరికే పట్టుకున్నారు.

మిట్టమధ్యాహ్నపు ఎండలో దస్తగిరి ఒళ్ళు చల్లబడింది. బొక్కెన పైకి గుంజి, మిగిలిన మందును గట్టు మీదనుంచే కుమ్మరించి, వెనక్కి చూడకుండా వచ్చేశాడు. దర్గాలో మాత్రం, "అడుగుదాకా ఆడించినా తాతా" అన్నాడు.

మరునాడు అదే వేళకు తాత దస్తగిరిని వెంటబెట్టుకుని ఆ బావికి వచ్చి ఒక బొక్కెన తోడాడు. మందు వాసన గుప్పుమంది. ఓబులమ్మ మొహం తేటపడింది.

"అడుగు కూడా చూద్దాం" అన్నాడు తాత.

ఖాళీ సీసాకు తాడూ రాయీ కట్టి, బిరడాకు వేరే దారం ముడేసి వదిలాడు. సీసా అడుగు తాకాక దారం గుంజాడు. బిరడా ఊడింది. చాలాసేపటికి బుడగలు పైకొచ్చాయి, కింద ఎవరో నిట్టూర్చినట్టు.

సీసా పైకి లాగి, ఆ నీళ్ళు గ్లాసులో పోసి దస్తగిరికి అందించాడు.

"పైనీళ్ళు తోడి పారబోసినాక వీళ్ళు తాగేది ఇవే. అమ్మాయికి ఇచ్చిరా."

గ్లాసులో మందు వాసన లేదు. కుళ్ళిన ఆకు వాసన ఉంది. దస్తగిరి నాలుగడుగులు వేశాడు. మెట్టు మీద కూర్చున్న ఆ పిల్ల, ఒక చెయ్యి కడుపు మీద పెట్టుకుని, రెండో చెయ్యి చాచింది. గంగప్ప పోయింది ఈ నీళ్ళతోనే. దస్తగిరికి తన మీద తనకే అసహ్యం పుట్టింది. గ్లాసును నేల మీద వంపేశాడు.

"నేను అడుగుదాకా దించలేదు తాతా. భయమేసి పారిపోయినా. నీకు అబద్ధం చెప్పినా."

తాత కోప్పడలేదు. కొత్తగా మందు కలిపి, తేట వంచి, తాడు అతని చేతికిచ్చాడు.

బొక్కెన మునిగింది. సరిగ్గా నిన్నటి చోటే మళ్ళీ పట్టుకున్నారు.  అయినా దస్తగిరి తాడు వదల్లేదు, పైకి గుంజలేదు. ఎంతసేపు నిలబడ్డాడో అతనికే తెలియదు. మెల్లగా పట్టు సడలింది. బొక్కెన జారుతూ పోయి అడుగు తగిలింది. రెక్కలు పడిపోయేదాకా ఆడించాడు.

సాయంత్రానికి సీసా మళ్ళీ దించారు. ఈసారి అడుగు నీళ్ళకూ మందు వాసన ఉంది.

"రేపు మధ్యాహ్నం దాకా ముట్టుకోవద్దు తల్లీ. ఆమీద వాసన పోయేదాకా తోడి పారబోసి తాగండి" అని ఓబులమ్మకు చెప్పి తాత బయలుదేరాడు.

దోవలో దస్తగిరి ఉండబట్టలేక అడిగాడు. "నిన్నా ఈ పొద్దూ కింద బొక్కెనను పట్టుకునింది ఎవరు తాతా? ఏం కావాలంట?"

తాత బొక్కెనను ఇంకో చేతికి మార్చుకున్నాడు.

"ఎవరో నాకు తెలీదు నాయనా. నిన్ను లోపలికి లాక్కోను కాదు పట్టుకునింది. పని సగంలో వదిలి పోవద్దని."